నిన్న హోటల్లో ఏం తేలింది?

మొన్న ఆదివారం మధ్యాహ్నం, మా చంద్రపూర్ ఎండకు కూలరు కూడా చేతులెత్తేసి వేడిగాలే కొడుతున్న వేళ, మా మనవరాలు నా పక్కన చేరి ఫోనును ఒక ప్రశ్న అడిగింది. భూమి తిరుగుతుంటే మనకెందుకు తెలియదు అని. అది అడిగింది మరాఠీలో. జవాబు మాత్రం తెలుగులో వచ్చేటట్టు మా అల్లుడు ఫోనులో ఏదో మార్చిపెట్టాడు, పిల్లకు నాలుగు తెలుగు ముక్కలు అంటుకుంటాయని. ఫోను క్షణం కూడా ఆలోచించకుండా భ్రమణమనీ, సమవేగమనీ, సాపేక్షమనీ రేడియో వార్తల భాషలో గడగడా అప్పజెప్పింది. మా ఇంట్లో అంత తెలుగు ఎవరికీ రాదు. పిల్ల అంతా విని, బరోబర్ ఆహే ఆజీ, అంటే సరిగ్గానే చెప్పింది అమ్మమ్మా అని నాకు భరోసా ఇచ్చి బిస్కెట్ల డబ్బా వెతుక్కుంటూ పోయింది. సరిగ్గా చెప్పిందని నీకెట్లా తెలుసే అని వెనకనుంచి అడిగితే, ఫోను చెప్పింది కదా అన్నట్టు నన్నే వింతగా చూసింది.

మా అల్లుడు అంతటితో ఆగకుండా, ఇకమీద బడుల్లో సైన్సు చెప్పడానికి యంత్రాలే వస్తాయట అని తాను చదువుతున్న వార్త ఒకటి వినిపించి, "అత్తమ్మా, మీరు మంచి టైముల రిటైరయిండ్రు" అని నన్ను అభినందించాడు. జీవితమంతా సుద్దపొడి మింగిన మనిషిని పట్టుకొని అనే మాటేనా అది? కానీ అల్లుడితో పోట్లాడితే కూతురికి తలనొప్పి గనుక, కూలరులో నీళ్ళు పోయడానికి లేచాను. ఆ ఫోను చెప్పిన జవాబులో తప్పేమీ లేదు. నా బాధల్లా, సరిగ్గా అదే ప్రశ్నకు మా ఇంట్లో ఒకప్పుడు ఎండాకాలం సగం గడిచిపోయిందనీ, నా చదువంతా దాని మీదే వేలాడిందనీ, ఆ సంగతి వినే ఓపిక ఇప్పుడా ఇంట్లో ఎవరికీ లేదనీ. అందుకని మీకు చెబుతున్నాను.

మా బాపు, ఆయన అన్న మా పెద్దబాపు ఇద్దరూ కరీంనగర్ వైపునుంచి బొగ్గుబావి పనికి బల్లార్‌పూర్ వచ్చిన మనుషులు. బామ్ని వైపు క్వార్టర్లలో పక్కపక్క ఇళ్ళు, నడుమ ఒకటే గోడ, ఆ గోడకు పెద్దమ్మ పగలగొట్టించిన ఒక దారి. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు మరాఠీ, బావిలో తిట్లు హిందీ. తెలుగు అక్షరాలు నాకు పెళ్ళయ్యాక మంచిర్యాలలో మా అత్తగారు దగ్గర కూర్చోబెట్టి నేర్పినవి. ఈ రాతలో ఎక్కడైనా మరాఠీ వాసన కొడితే తప్పు నాది, బాగుంటే పుణ్యం ఆమెది.

బాపు బడి గడప తొక్కిన మనిషి కాదు. అయినా, లేక అందుకేనో, పొద్దుగూకి అన్నానికి కూర్చోగానే మొదటి మాట, ఇయ్యాల సైన్స్ సార్ ఏం చెప్పిండు బిడ్డా అని. లెక్కలూ చరిత్రా ఆయనకు పట్టేవి కావు, ఎందుకో సైన్సు మీదే మోజు. నేను మరాఠీ పాఠాన్ని నాకు తోచిన తెలుగులోకి దించి చెప్పేదాన్ని. బాపు దాన్ని చల్లారనివ్వకుండా మర్నాడు పొద్దున షిఫ్టుకు ముందే, బావి గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటలుకు మోసుకుపోయేవాడు. అక్కడ కొలువు తీరి ఉండేవాడు మా పెద్దబాపు. హోటలు యజమాని మరాఠీ పేపరు చదివి వినిపిస్తే, ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏమేం కనిపెట్టారో వాటన్నిటికీ తీర్పు చెప్పే బాధ్యత ఆయనది. ఆ బాధ్యత ఆయనకు ఎవరు అప్పజెప్పారో తెలియదు గానీ, ఆయన కాకుండా ఇంకొకరు చెబితే ఆ పూట చాయ్ రుచించేది కాదట.

చంద్రుడి మీదినుంచి రాళ్ళు తెచ్చారన్న సంగతి మీద ఆయనకున్న అక్కసు ఇంతా అంతా కాదు. "బొగ్గుల ఒక్క రాయి కలిసొస్తె మనకు మాట పడుతది. వాళ్ళు ఒట్టి రాళ్ళే తెస్తె పూలదండలేసిండ్రు" అనేవాడు. వెయ్యిమంది చేసే లెక్కలు ఒక్క యంత్రం చేస్తుందట అని పేపర్లో వస్తే, లెక్కలు సరే, అది రేషను దుకాణం ముందర ఎండలో నిలబడుతుందేమో కనుక్కోమన్నాడు. గాజు గొట్టంలో బిడ్డ పుట్టిందని వార్త వచ్చిన రోజున హోటలు హోటలంతా ఆయన మొహం చూస్తే, ఇది ఆడవాళ్ళ ఖాతాలోని సంగతని మొదటిసారి తీర్పు వాయిదా వేసి ఇంటికొచ్చి పెద్దమ్మను అడిగాడు. పెద్దమ్మ పప్పు రుబ్బుతూ, తల కూడా ఎత్తకుండా, "గొట్టంల పుడితె మరి చింతకాయ ఎవ్వలు తిన్నరట?" అంది. మర్నాడు హోటల్లో అదే తీర్పు ఆయన పేరు మీద వెలువడింది.

పాఠాలకు కూడా ఇదే మర్యాద జరిగేది. నీళ్ళు రెండు వాయువులు కలిసి అయినవనీ, అందులో ఒకటి మండుతుందనీ, ఇంకొకటి మండటానికి సాయం చేస్తుందనీ నేను చెప్పిన పాఠం హోటలు దాకా పోయి తిరిగి ఇట్లా వచ్చింది: "మండేటోడు ఒకడు, మంట ఎగదోసేటోడు ఇంకొకడు, ఇద్దరు కలిస్తె మంట ఆర్పేటోడు పుడుతడా? మన ఖాన్‌దాన్ల గట్ల ఎన్నడన్న అయిందా?" మా ఖాన్‌దాన్ సంగతి తెలిసినదాన్ని కాబట్టి నాకూ ఆ అనుమానం నిజమేననిపించింది. తరగతిలో లేచి నిలబడి మరాఠీలో అడిగేశాను. పిల్లలు నవ్వారు. సార్ నవ్వలేదు, సుద్దముక్క జేబులో పడేసి, ఎవరన్నారిది అన్నారు. చెప్పాను. ఆ రోజు గంట కొట్టేదాకా మా పెద్దబాపుకు జవాబు చెప్పడానికే సరిపోయింది.

మా సైన్స్ సార్ చంద్రపూర్ నుంచి రోజూ ప్యాసింజరులో వచ్చిపోయే మనిషి. సన్నగా పొడుగ్గా, గాలికి ఊగేటట్టు ఉండేవారు గానీ వాదంలో మాత్రం ఊగేవారు కాదు. అప్పటినుంచీ హాజరు అయ్యాక ఆయన మొదటి మాట, "కాల్ హాటెలాత్ కాయ్ ఠరలం?" అని. నిన్న హోటల్లో ఏం తేలింది అని. నేను లేచి తేలిందేమిటో చెప్పాలి. ఆయన దాన్ని బోర్డు మీద ఒక మూల రాసి, ఆ రోజు పాఠం అక్కడినుంచి మొదలుపెట్టేవారు. సార్ నుంచి నాకు, నా నుంచి బాపుకు, బాపు నుంచి హోటలుకు, అక్కడినుంచి మళ్ళీ వెనక్కి, ఈ టపా ఏళ్ళ తరబడి నడిచింది. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూడకుండానే రోజూ తగవు పడేవాళ్ళు.

ఈ టపాలో నా చేతివాటం కొంత ఉండేది. గా సార్‌కు తిక్క లేసిందా అని పెద్దబాపు అంటే, మా పెద్దాయనకు చిన్న సందేహం కలిగింది సార్, నమస్కారం చెప్పమన్నారు అనేదాన్ని. మీ పెద్దాయన బుర్రలో కూడా బొగ్గే ఉన్నట్టుంది అని సార్ విసుక్కుంటే, ప్రశ్న బాగుంది అన్నరు పెద్దబాపూ, ఆలోచించి చెప్తరట అనేదాన్ని. దానివల్ల ఒకరంటే ఒకరికి ఎంత గౌరవం పెరిగిందంటే, ఇట్లాంటి వినయం గల మనిషిని ఈ కాలంలో చూడలేమని ఇద్దరూ నాతోనే అన్నారు.

పదో తరగతి పరీక్షలు రాశాక అసలు చిక్కు వచ్చింది. నాకు సైన్సు లైను తీసుకోవాలని ఉంది. ఉంది అంటే మామూలుగా కాదు, అన్నం సహించనంత. మా ఊళ్ళో అప్పుడు ఆడపిల్లకు దొరికేది ఆర్ట్స్ ఒక్కటే, సైన్సు కావాలంటే రోజూ రైలెక్కి చంద్రపూర్ కాలేజీకి పోవాలి. మా క్వార్టర్ల లైన్లలోంచి ఏ ఆడపిల్లా అప్పటిదాకా రైలెక్కి చదువుకు పోలేదు. బాపుకు పంపాలనే ఉన్నా, అన్న మాట దాటే మనిషి కాదు. పెద్దబాపు వద్దని అనలేదు, ఊ అనీ అనలేదు. ముందు మీ సార్‌ను నా ఒక్క మాటకు జవాబు చెప్పుమను, అప్పుడు చూద్దాం సైన్సు సంగతి అన్నాడు.

ఆ మాట ఇది. "భూమి తిరుగుతది అంటివి గద. పొద్దుగాల మేం బాయిల దిగుతం. మాపటికి పైకొస్తం. గంతసేపు భూమి తిరిగితె, బాయి నోరు గీడనే ఎట్లుంటది? ఏ వరోరా కాడికో పోవాలె గద."

నేను నవ్వబోతే పెద్దమ్మ నన్ను వంటింట్లోకి లాగి నెమ్మదిగా చెప్పింది. నేను పుట్టకముందు ఒకసారి లోపల కప్పు కూలి పెద్దబాపు వాళ్ళు దిగిన దారి మూసుకుపోయిందట, తవ్వుకుంటూ పోయి పాతబావి వైపు తేలారట. అప్పటినుంచీ పైకి రాగానే ఆయన కళ్ళు మొదట వెతికేది ఎదురుగా హోటలు పొయ్యి పొగ ఉందా లేదా అనేదట. ఆ తర్వాత ఆ ప్రశ్న నాకు నవ్వులాటగా అనిపించలేదు.

పరీక్షలు అయిపోయినా నేను బడికి పోయి ఆ మాట సార్‌కు అప్పజెప్పాను. మనమూ, బావీ, గాలీ, అన్నీ భూమితో కలిసే పోతున్నాయని ఆయన చెప్పింది నేను తెలుగులో చెప్పాను, బాపు హోటల్లో చెప్పాడు, హోటలు కొట్టేసింది. కలిసి పోతుంటే గాలి మొహానికి కొట్టాలె గదా అని మళ్ళీ వచ్చింది. దానికి ఇంకో జవాబు, దాని మీద ఇంకో పేచీ. చివరికి సార్, మాటలతో ఇది తెగదు, మీ పెద్దాయన్ని ఒకసారి నాతో ప్యాసింజరు ఎక్కమను, చూపిస్తాను అన్నారు. భూమి సంగతికి రైలు టికెట్టు నేనెందుకు కొనాలని పెద్దబాపు భీష్మించుకున్నాడు. మహాకాళి జాతరకు ఎట్లాగూ చంద్రపూర్ పోతాం, అప్పుడు కనబడితే చూద్దాం అన్నంతవరకు దిగాడు. ఈలోగా ఆర్ట్స్ కాలేజీ ఫారం ఇంటికి వచ్చేసింది. నేను దాన్ని బియ్యం డబ్బా కింద పెట్టి, ఎవరైనా అడిగితే కనిపించలేదు అంటూ రోజులు నెట్టాను.

జాతర రోజు ప్యాసింజరులో కాలు పెట్టే జాగా లేదు. డప్పులు, పసుపు మొహాలు, బోనాల బుట్టలు, ఒకరి ఒళ్ళో ఒకరు. కింది తరగతుల పిల్లలకు పొద్దుటిబడి ముగించుకొని సార్ అదే పెట్టెలోకి ఎక్కి, మాకు ఎదురుగా ఇరుక్కొని కూర్చున్నారు. నాకు భయం పట్టుకుంది. భూమి గురించి కాదు, నా టపా గురించి. సార్ చేతులు జోడించి, మీరు రోజూ పంపే నమస్కారాలు అందుతూనే ఉన్నాయి అని మరాఠీలో అన్నారు. పెద్దబాపు పుట్టి బుద్ధెరిగి ఎవరికీ నమస్కారం పంపిన మనిషి కాదు. ఆయన తల మెల్లగా నా వైపు తిరిగింది. నేను కిటికీ బయట పత్తి చేలు చూడటం మొదలుపెట్టాను, ఆ కాలంలో చేలల్లో పత్తి లేకపోయినా. కాసేపటికి ఆయన దగ్గి, హావ్ సార్, హావ్, అట్లనే అని తన బావి మరాఠీలో ఒప్పేసుకున్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద నాకు కలిగిన ప్రేమ ఈరోజుకూ తగ్గలేదు.

సార్ దగ్గర ఎగరేయడానికి ఏమీ లేదు, సుద్దముక్క తప్ప. అది చిన్నది, జనానికి కనబడదని పెద్దమ్మ సంచిలోని నిమ్మకాయ అడిగారు. అది అమ్మవారిదని పెద్దమ్మ సంచి వెనక్కి లాక్కుంది. పెట్టెలో సగం మంది పెద్దమ్మ వైపు, సగం మంది సైన్సు వైపు చేరారు. అమ్మవారికి ఇంకొకటి కొనిస్తానని సార్ మాటిచ్చాక నిమ్మకాయ బయటికి వచ్చింది. తీరా చూస్తే రైలు సిగ్నలు దగ్గర నిలబడిపోయింది. నిలబడ్డ రైల్లో ఎగరేస్తే లెక్కలోకి రాదని సార్, కాయ చేతిలో పట్టుకొని రైలు కదలటం కోసం మాతో పాటు చెమటలు కక్కారు. ఆగిన రైలు ఎప్పుడు కదులుతుందో చెప్పే సైన్సు ఇంకా రాలేదా అని ఎవరో అడిగారు.

పెద్దబాపుకు ఓపిక నశించి, తెండి ఇటు అని కాయ అందుకొని పైకి విసిరాడు. సరిగ్గా కాయ గాలిలో ఉండగా ఇంజను రైలును ఒక్క గుంజు గుంజింది. నిమ్మకాయ పోయి వెనకనున్న డప్పాయన ఒళ్ళో పడింది. పెట్టె దద్దరిల్లిపోయింది. చూసినవా, బాయి నోరు పోయిందా లేదా అని పెద్దబాపు మీసం మీద చెయ్యి వేశాడు. నా కళ్ళ ముందర బియ్యం డబ్బా కింది ఫారం కదిలింది. నా చదువు ఆ డప్పాయన ఒళ్ళో పడి నలిగిపోయినట్టే అనుకున్నాను. సార్ మాత్రం కంగారు పడ్డా తేరుకొని, ఆగండి, ఇది గుంజినప్పటి సంగతి, వేగం కుదురుకోనివ్వండి అని చేతులు ఊపి అందరినీ ఆపారు.

రైలు సాఫీగా పరుగు అందుకున్నాక కాయ మళ్ళీ లేచింది. లేచి, నిటారుగా దిగి, పెద్దబాపు అరచేతిలోనే పడింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆయన ఒకసారి కిటికీలోంచి వెనక్కి ఉరుకుతున్న తంతి స్తంభాలను చూశాడు, ఒకసారి కాయను చూశాడు. అప్పటికి పెట్టెలో నిమ్మకాయలున్న వాళ్ళందరూ ఎగరేయడం మొదలుపెట్టారు, ఒకాయన కొబ్బరికాయ ఎత్తబోతే పక్కవాళ్ళు చెయ్యి పట్టుకొని ఆపారు. డప్పాయన కూడా పాపం తన డప్పుపుల్ల ఎగరేసి చూసుకున్నాడు. పెద్దబాపు వీటన్నిటి నడుమ, భూమి ఎన్నడూ ఆగి గుంజదా అని సార్‌ను అడిగాడు. ఆగదు, అందుకే మీ బావి నోరు ఎక్కడికీ పోదు అన్నారు సార్. ఆయన తల ఊపాడు. గెలిచినట్టు గానీ ఓడినట్టు గానీ లేదు ఆయన మొహం, షిఫ్టు దిగి పైకొచ్చిన మనిషి మొహంలా ఉంది.

చంద్రపూర్ దగ్గర పడుతుండగా ఆయన బాపుతో అన్నాడు, నా వైపు చూడకుండా. "గీ పోరి గూడ గంతే. షురుల గుంజినప్పుడు జర అటో ఇటో పడుతది. నడువంగ నడువంగ మల్ల చేతికే వస్తది. సైన్సుకే పోనీయ్." బాపు తువ్వాలతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు, చెమటకే అనుకుంటాను. స్టేషన్లో దిగాక సార్ మాట ప్రకారం ఇంకో నిమ్మకాయ కొనివ్వబోతే పెద్దమ్మ వద్దంది. ఇంతమందిని నవ్వించిన కాయ అమ్మవారికి నచ్చకుండా ఎట్లుంటదని దాన్నే చెంగుతో తుడిచి గుడికి పట్టుకుపోయింది.

ఆ తర్వాత సంగతులు మామూలే. రోజూ ప్యాసింజరు, కాలేజీ, డిగ్రీ, బీయెడ్. కోర్పనా వైపు బడిలో సైన్సు టీచరుగా కుదిరి, తలకు రంగు వేసుకోవడం మానేసే వయసు దాకా అక్కడే చెప్పాను. ఆ బావి మూతపడి చాలా కాలమైంది, ఇప్పుడు చుట్టుపక్కలంతా పైనుంచి తవ్వే గనులే, దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ లేరు.

మా సార్ అలవాటు నేను వదలలేదు. హాజరు అయ్యాక నిన్న ఇంట్లో ఏం తేలింది అని అడిగేదాన్ని. మొదట్లో పిల్లలు మోయలేనన్ని తెచ్చేవాళ్ళు. సూక్ష్మజీవుల పాఠం విని లక్కడ్‌కోట్‌లో ఒక నానమ్మ, నాకు కనబడనివి నన్నెట్ల చూస్తయి అందట. భూమి అన్నిటినీ కిందికి లాగుతుందంటే, పత్తి ధర కూడా అందుకే పడుతోందా కనుక్కొని రా అని ఒక తండ్రి పంపాడు. నాకు జవాబు దొరకని రోజులు కూడా ఉండేవి, అప్పుడు రేపు చెప్తానని రాత్రంతా పుస్తకాలు తిరగేసేదాన్ని. ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

తర్వాత తర్వాత టీవీలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, అందరికీ అన్నీ తెలిసిపోయాయి. నిన్న ఇంట్లో ఏమన్నారు అంటే, "ఏమనలె టీచర్, రాసుకొమ్మన్నరు" అనడం మొదలైంది. జనం తెలివిమీరారని మొదట మురిసిపోయాను. అది తెలివి కాదు, ఎవరూ వినటం లేదని తెలియడానికి కొంతకాలం పట్టింది. అయినా రిటైరయ్యే రోజు వరకూ అడగడం మానలేదు. అడిగి, సుద్దముక్క పట్టుకొని నిలబడేదాన్ని, పిల్లలు తలలు వంచుకొని ఉండేవాళ్ళు. నాకు కావలసింది ఒప్పుకోలు కాదు, వాళ్ళ ఇళ్ళల్లో ఎవరో ఒకరికి నా పాఠం మీద ఆ పూట కోపం రావడం. జవాబులన్నీ సరైనవే వస్తున్న ఈ రోజుల్లో ఆ కోపాన్ని ఎక్కడ వెతకాలో నాకు తెలియడం లేదు.